డ్యూటీ దిగాక వంట: ఆదివారం ఒక్క కుక్కర్ ఎక్కిస్తే చాలు

ఒకరికి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో డ్యూటీ, ఇంకొకరు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాక ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తారు. పూటకు 250 రూపాయల చొప్పున వారానికి నాలుగు పూటలైనా నెలకు 4 వేలు దాటిపోతుంది.

మన ఖట్టీ దాల్ ఉండగా ఇంత ఖర్చెందుకు? ఆదివారం రాత్రి అర కిలో కందిపప్పు పసుపేసి ఉడికించి, రెండు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి. చింతపండు అప్పుడే కలపొద్దు. సోమవారం ఒక డబ్బాలో పులుసు పోసి, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో బఘార్ వేస్తే పది నిమిషాల పని. మర్నాటి టిఫిన్ డబ్బాకూ వస్తుంది. మంగళవారం రెండోది సొరకాయతో దాల్చా. మటన్ లేకున్నా బొక్కలు చాలు, రుచంతా వాటిదే. పప్పు బుధవారం దాటనివ్వొద్దు.

గురువారం మసూర్ ఖిచిడీ, గుడ్డు. జుమ్మాకు పావుకిలో ఖీమా, ఆలుగడ్డ. ఖీమా మాత్రం ఏ రోజుది ఆ రోజే తేవాలి.

రేషన్ కార్డుంటే 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. ఇద్దరికి 12 కిలోలు, నెలంతా గడిచిపోతుంది.

ఇక ఉల్లిగడ్డలు కోసేదెవరు? జీతం ఇద్దరూ తెస్తున్నారు కదా, ఆ పని మియా చేయాలి.