తీగ దిగితే చాలదు, చోటు తెలియాలి

బోరులో మోటారు దించిన రైతుకు ఒక సంగతి తెలుసు. పైన మీటరు ముల్లు కదిలితే మోటారుకు కరెంటు అందుతున్నదని అర్థం. అంతేకాని ఆ మోటారు ఎంత లోతున వున్నదో, నీటిలో మునిగి వున్నదో, మధ్యలో రాతి అంచున ఇరుక్కున్నదో ఆ ముల్లు చెప్పదు. పుట్టు చెవుడు వున్న పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌లోనూ సరిగ్గా ఇదే చిక్కు వున్నది. కాకపోతే ఇక్కడ దించే తీగ పొడవు రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే.

హార్మోనియం మెట్లలా...

లోచెవిలో శబ్దాన్ని గ్రహించే భాగాన్ని కాక్లియా అంటారు. నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి, బఠానీ గింజంత వుంటుంది. అందులోని సున్నితమైన కణాలు పూర్తిగా దెబ్బతిన్నవారికి మామూలు చెవి మిషను పెట్టినా ప్రయోజనం వుండదు. అటువంటి వారికే ఈ ఆపరేషన్. చెవి వెనుక తగిలించుకునే యంత్రం బయటి శబ్దాన్ని పట్టి, చర్మం కింద అమర్చిన పరికరానికి అందజేస్తుంది. అక్కడి నుంచి సన్నని తీగ కాక్లియాలోకి వెళ్లి, శ్రవణ నాడిని నేరుగా విద్యుత్తుతో తట్టి లేపుతుంది.

ఆ తీగ మీద తయారీని బట్టి 12 నుంచి 22 దాకా ఎలక్ట్రోడ్లు వుంటాయి. నత్తగుల్ల మొదట్లో కీచు స్వరాలు, కొసన మంద్ర స్వరాలు పలుకుతాయి. హార్మోనియం మెట్ల వంటి వరుస అది. ఏ మెట్టు దగ్గర వుండవలసిన ఎలక్ట్రోడు ఆ మెట్టు దగ్గరే వుండాలి.

అయితే సర్జన్‌కు మైక్రోస్కోపులో కనిపించేది గుల్ల ముఖద్వారం మాత్రమే. లోపలి మలుపుల్లో తీగ ఎటు పోతున్నదో చేతి స్పర్శతో గ్రహించవలసిందే. నేర్పరి చేతిలోనూ అరుదుగా తీగ కొస వెనక్కు మడతపడవచ్చు. కింది అరలో సాగవలసిన తీగ పొరను చీల్చుకొని పై అరలోకి పోవచ్చు. కాక్లియా పుట్టుకతోనే వికృతంగా వుంటే, మెదడు వైపు పోయే నాడి మార్గంలోకి కూడా జారవచ్చు.

మూడు పరీక్షలు

అందుకే కుట్లు వేయక ముందే, బిడ్డ మత్తులో వుండగానే, పరీక్షలు జరుపుతారు.

మొదటిది విద్యుత్ నిరోధం కొలవడం. ఆడియాలజిస్టు కంప్యూటర్ ద్వారా ఒక్కొక్క ఎలక్ట్రోడును పలకరిస్తాడు. ఎక్కడైనా తీగ తెగినా, రెండు ఎలక్ట్రోడ్లు కలిసిపోయినా వెంటనే బయటపడుతుంది. రెండవది నాడి స్పందన. చిన్న విద్యుత్ ఘాతం ఇస్తే శ్రవణ నాడి బదులిస్తున్నదా అన్నది అదే పరికరం గ్రహించి చూపుతుంది. మధ్య చెవిలోని చిన్న కండరం అప్పుడు ముడుచుకోవడాన్ని సర్జన్ మైక్రోస్కోపులో కళ్లారా చూడవచ్చు కూడా.

ఈ రెండూ బాగున్నంత మాత్రాన తీగ బాగా కూర్చున్నదని తేల్చడానికి లేదు. మడతపడిన కొస కూడా లోపలి ద్రవంలోనే మునిగి వుంటుంది గనుక నిరోధం సరిగానే చూపవచ్చు. మీటరు ముల్లు కథే ఇది! చోటు చెప్పేది మూడవ పరీక్ష, ఎక్స్‌రే. తలను తగిన కోణంలో వుంచి తీస్తే తీగ చుట్టు తిరిగిన తీరు చుక్కల వరుసలా కనబడుతుంది. మడత కనిపిస్తే అప్పుడే వెనక్కు లాగి మళ్లీ దించవచ్చు.

అన్నిచోట్లా ఎక్స్‌రే ఆపరేషన్ బల్ల మీదే తీయడం లేదు. మొదటి రెండు పరీక్షలు బాగుంటే మర్నాడు తీయించేవారూ వున్నారు. కాని మర్నాడు తప్పు కనబడితే మళ్లీ మత్తు, మళ్లీ కోత. ముందే తీసిన స్కానింగులో కాక్లియా వికృతి కనిపించిన పిల్లల విషయంలోనైతే బల్ల మీది ఎక్స్‌రే తప్పనిసరి అనే చెప్పాలి.

గడ్డిపోచ చెప్పిన ఉపాయం

ఈ మలుపుల చిక్కు కొత్తది కాదు. ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్ 1977లో సముద్రపు ఒడ్డున దొరికిన గుల్లలోకి గడ్డిపోచను దూర్చి చూశారు. కొస మెత్తగా, మొదలు బిరుసుగా వున్న పోచ చుట్లు తిరుగుతూ లోపలికి పోయింది. అదే పద్ధతిలో తీగ చేయించి, 1978లో మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే ఆయనకు అమర్చారు. తర్వాత పరీక్షిస్తే మొదట్లో ఆయనకు ఏ శబ్దమూ వినిపించలేదు. తీరా చూస్తే లోపం చెవిలో లేదు, పరీక్షించే యంత్రంలో వుంది! అది సరిచేశాక వినిపించింది. సాండర్స్ పెద్దవారు, మాట వచ్చినవారు గనుక వినిపించడం లేదని చెప్పగలిగారు.

బిడ్డ చెప్పలేదు

ఏడాది, రెండేళ్ల పసివాడు ఆ మాట చెప్పలేడు. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు యంత్రం ఆన్ చేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి మాటల శిక్షణ. పిల్లవాడు పలకకపోతే తల్లి సరిగా నేర్పించడం లేదనో, బిడ్డకు తెలివి తక్కువనో అనుకుంటారు. తీగ తప్పు చోట వున్నదేమోనన్న అనుమానం ఆఖరున వస్తుంది. ఈలోగా మాట నేర్చుకునే విలువైన కాలం గడిచిపోతుంది. లక్షలతో కూడిన ఈ చికిత్సను ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఆ తర్వాత కేంద్రం వారి ఆడిప్ పథకం పేదలకు అందుబాటులోకి తెచ్చాయి. పోయిన కాలాన్ని మాత్రం ఏ పథకమూ తిరిగి ఇవ్వదు.

కనుక తల్లిదండ్రులు ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను మూడు సంగతులు అడగడం మంచిది. బల్ల మీద ఏయే పరీక్షలు చేస్తారు? ఎక్స్‌రే ఎప్పుడు తీస్తారు? ఎన్ని ఎలక్ట్రోడ్లు లోపలికి వెళ్లాయో కాగితం మీద రాసి ఇస్తారా? ఇలా అడగడం డాక్టరుగారిని శంకించడం కాదు. ఆ కాగితాన్నీ, ఎక్స్‌రే ఫిల్మునూ రేషన్ కార్డంత భద్రంగా దాచుకోవాలి. రేపు బిడ్డ మాట ఆలస్యమైతే ముందుగా తీసి చూడవలసింది అవే.