నొప్పి తెలియని పాదము

నరము అనే మాటను మనము రెండు మూడు అర్థములలో వాడుతూ ఉంటాము. ముసలివారి చేతిమీద నీలముగా ఉబ్బి కనపడేవాటిని నరములంటాము. అవి నిజానికి రక్తమును గుండెకు చేర్చే సిరలు. వైద్యుడు మణికట్టు పట్టుకొని చూసే నాడి ధమని కొట్టుకొనటమే. ఈ వ్యాసములో చెప్పబోయే నరములు ఈ రెండూ కావు. ఇవి మెదడునుండి, వెన్నుపామునుండి బయలుదేరి శరీరమంతటా వ్యాపించి వార్తలు చేరవేసే తెల్లని తీగలు. ఇవి ఎందువలన చెడిపోతవి? మధుమేహము ఉన్నవారిలో ముందుగా పాదములవద్దనే ఎందుకు చెడిపోతవి?

ప్రతి నరములోను సన్నని తంతువులు అనేకము మోపుకట్టినట్లు ఉంటవి. ఒక్కొక్క తంతువు ఒక జీవకణములో సాగిన భాగము. కాలి బొటనవ్రేలి స్పర్శను తెలిపే కణముయొక్క దేహము నడుమువద్ద వెన్నెముక ప్రక్కన ఉంటుంది. దాని వ్యాసము మిల్లీమీటరులో పదవవంతు కంటె తక్కువ. అక్కడినుండి బొటనవ్రేలివరకు పోయే తంతువు పొడవు సుమారు 1 మీటరు. ఆ కణదేహమును చింతగింజ అంత, అనగా 1 సెంటీమీటరు ప్రమాణమునకు, పెంచి ఊహించుకుంటే తంతువు 100 మీటర్లకు పైగా సాగుతుంది. ఇంత పొడవైన తంతువునకు కావలసిన మాంసకృత్తులు చాలవరకు ఆ చిన్న కణదేహములోనే తయారు కావాలి. వాటిలో కొన్ని రోజుకు కొద్ది మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే ప్రయాణము చేస్తవి కనుక పాదము చేరటానికి నెలలు పడుతుంది. కాలువ శివారు భూములకు నీరు అందటము ఎంత కష్టమో మన రైతులకు తెలుసు. నరముల విషయములో పాదము అటువంటి శివారు భూమి. ఎగువన ఏ కొరత వచ్చినా ముందుగా అక్కడే ఎండుతుంది.

నరములు చెడటానికి కారణములు అనేకము. గాయము తగిలి తెగవచ్చు. మణికట్టువంటి ఇరుకైన చోట నలిగిపోవచ్చు. బి-1 విటమిన్ లోపించిన బెరిబెరి వ్యాధి, బి-12 విటమిన్ లోపము, మితిమీరిన మద్యపానము, సీసమువంటి విషములు, కుష్ఠువ్యాధి క్రిములు కూడా నరములను దెబ్బతీస్తవి. క్షయకు వాడే ఐసోనయాజిడ్ మందువలన ఈ బాధ రాకుండా కొందరికి దానితోపాటు బి-6 విటమిన్ ఇస్తారు. కాని నేడు ప్రపంచములో ఎక్కువగా కనపడే కారణము మధుమేహమే.

రక్తములో గ్లూకోజు చాలాకాలము హెచ్చుగా ఉంటే నరములకు రెండు విధముల హాని కలుగుతుంది. మొదటిది లోపలిది. హెచ్చైన గ్లూకోజులో కొంతభాగము నరకణములలో సార్బిటాల్ అనే పదార్థముగా మారుతుంది. ఈ మార్పులో కణము తన రక్షణకు దాచుకొన్న రసాయన శక్తి ఖర్చవుతుంది. రెండవది బయటిది. నరములకు ఆహారమును, ప్రాణవాయువును అందించే అతి సన్నని రక్తనాళముల గోడలు దళసరియై, సరఫరా తగ్గుతుంది. అందుకే అన్నిటికంటె పొడవైన తంతువులు ముందు చెడిపోతవి. తిమ్మిరి కాలివ్రేళ్ళలో మొదలై, మేజోడు తొడిగినంతమేర పైకి ప్రాకుతుంది. అది మోకాళ్ళను సమీపించే వేళకు చేతివ్రేళ్ళ కొనలలో కూడా ఆరంభమౌతుంది.

నరములలో మూడు విధముల తంతువులు ఉన్నవి. మూడూ చెడితే ఏమౌతుందో పాదములోనే చూడవచ్చు. పాదములోని చిన్న కండరములను నడిపే చాలక తంతువులు చెడితే ఆ కండరములు కృశించి వ్రేళ్ళు కొంకులు తిరుగుతవి. ఒత్తిడి అంతా ఒకేచోట పడి అక్కడ ఆనెకాయ కడుతుంది. చెమటను నియమించే స్వయంచోదిత తంతువులు చెడితే చర్మము ఎండి పగుళ్ళు పడుతుంది. స్పర్శను, నొప్పిని తెలిపే జ్ఞాన తంతువులు చెడితే ఆనెకాయ క్రింద పుండు పడినా, పగుళ్ళలో చీము పట్టినా, చెప్పులో మేకు గుచ్చుకొన్నా తెలియదు. కాలినుండి చెప్పు జారిపోయిన సంగతి కూడా కొందరు గమనించరు. పాదమునకు రక్తప్రసారము కూడా తగ్గి ఉంటే పుండు మానదు. చివరకు కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చు.

ఈ సత్యమును మనదేశములోనే మరొక వ్యాధిమూలముగా స్పష్టముగా గ్రహించారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగులను పరీక్షించి, వారి వ్రేళ్ళు, పాదములు తమంతట తామే కుళ్ళిపోవటము లేదనీ, నొప్పి తెలియకపోవటమువలన పదే పదే తగిలే దెబ్బలే వాటిని పాడుచేస్తున్నవనీ చూపించాడు. మెత్తని రబ్బరు చెప్పులతో ఎన్నో పాదములు నిలిచినవి. 1966లో అమెరికా వెళ్ళిన తరువాత ఆయన ఇదే సూత్రమును మధుమేహ రోగుల పాదములకు అన్వయించాడు. వ్యాధులు వేరైనా పాదమునకు వచ్చిన ఆపద ఒక్కటే.

కాబట్టి “నొప్పి లేదు గదా” అని ధైర్యము చెప్పుకొనటము మధుమేహము ఉన్నవారికి తగదు. కొందరికి మొదట అరికాళ్ళ మంటలు, సూదులు గుచ్చినట్లు పోట్లు ఉంటవి. మరికొందరికి ఏ బాధా లేకుండానే స్పర్శ నశిస్తుంది. మంటలు వాటంతట అవి తగ్గినప్పుడు వ్యాధి నయమైనదని సంతోషిస్తారు. వార్త చెప్పే తంతువులే నశించి ఉండవచ్చునని తలచరు. దీనిని కనిపెట్టటానికి గొప్ప యంత్రములు అక్కరలేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే ఒక నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూస్తారు. సెకనుకు 128 సార్లు కంపించే శ్రుతిదండమును బొటనవ్రేలికి ఆనించి చూస్తారు. ఏడాదికి ఒకసారైనా ఈ పరీక్ష జరగాలి. మెట్‌ఫార్మిన్ మందును ఏళ్ళతరబడి వాడేవారిలో బి-12 తగ్గవచ్చు గనుక దానిని కూడా పరీక్షించటము మంచిది.

అమెరికా, కెనడాలలో జరిగి 1993లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఇన్సులిన్‌పైననే జీవించే మొదటి రకపు రోగులలో గ్లూకోజును గట్టి అదుపులో ఉంచినందువలన నరముల వ్యాధి సుమారు 60 శాతము తగ్గినది. పెద్దవయస్సులో వచ్చే రెండవ రకములో ఇంత ఫలితము కనపడకపోయినా అదుపు అవసరమే. మంటలను తగ్గించే మందులు ఉన్నవి. కాని అవి చెడిన తంతువును తిరిగి మొలిపించవు.

నరము చేయలేని పనిని కన్ను చేయాలి. ప్రతి సాయంకాలము పాదములు కడిగి, తుడిచి, అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను చూసుకొనాలి. వంగలేనివారు నేలమీద అద్దము పెట్టుకొని చూడవచ్చు. చూపు మందగించినవారికి ఇంటివారు చూడాలి. తొడిగేముందు చెప్పులు దులపాలి. వేడినీటిని కాలితో కాక మోచేతితో పరీక్షించాలి. ఆనెకాయను ఇంటిలో బ్లేడుతో కోయరాదు. ఇంటిలోనైనా వట్టి కాళ్ళతో నడవరాదు. వేసవిలో దేవాలయపు బండలమీద ప్రదక్షిణము చేసేవారు ఎండ ఎక్కకముందే పోవటము మేలు. చిన్న పుండు కనపడినా, అది నొప్పి పెట్టకపోయినా, ఆ రోజే వైద్యునికి చూపాలి. నొప్పి లేదన్న కారణముచేతనే మరింత త్వరగా చూపాలి.