ఆటలో అభ్యాసము, ఆపదలో ఆదరువు

ఆపద కబురు చేసి రాదు. పొలములో పాము కరచుట, తాటిచెట్టుపైనుండి గీత కార్మికుడు పడుట, రహదారిపై మోటారు సైకిలు బోల్తాపడుట, సంతలో నొకరు గుండె పట్టుకొని కూలిపోవుట, ఇవి యన్నియు గ్రామముల కెరుకయైన సంగతులే. వైద్య సహాయము చేరులోపల గడచు కొద్ది నిమిషములలో ప్రక్కనున్నవారు ఏమి చేసిరి, ఏమి చేయక మానిరి యనుదానిపై ఒక ప్రాణము ఆధారపడి యుండును.

చేయవలసినదేమో పుస్తకమున చదివినంత మాత్రమున ఆ సమయమునకు జ్ఞాపకము రాదు. చేతికిని మనస్సునకును అలవాటు కావలెను. కాని ఆపదను ముందుగా అలవాటు చేసికొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు నేటి వైద్య ప్రపంచము కనుగొనిన సమాధానములలో కంప్యూటరు ఆట యొకటి. ఆట యనగానే పిల్లల కాలక్షేపమని త్రోసివేయక, పంచాయతీ సభ్యులు దీనిని గూర్చి కొంత తెలిసికొనుట మేలని మేము తలచుచున్నాము.

బొమ్మతో మొదలైన విద్య

అనుకరణము ద్వారా నేర్చుట క్రొత్త సంగతి కాదు. విమానము నడుప నేర్చువారికై అమెరికా దేశస్థుడు ఎడ్విన్ లింక్ 1929లో నేలమీదనే యుండి కదలెడి కృత్రిమ విమానమును నిర్మించెను. నార్వే దేశమున ఆటబొమ్మలు తయారుచేయు ఆస్మండ్ లేర్డాల్ 1960లో మనిషంత బొమ్మ నొకదానిని వెలువరించెను. గుండె ఆగినవాని రొమ్మును అదుముట, నోటిద్వారా శ్వాస నందించుట ఆ బొమ్మపై అభ్యసింపవచ్చును. అట్టి బొమ్మలపైననే నేటికిని అనేక దేశములలో ప్రథమ చికిత్స నేర్పుచున్నారు.

కంప్యూటర్లు ఇండ్లలోనికి వచ్చిన పిదప ఈ విద్య తెరపైకి వచ్చినది. 1988లో అమెరికాలో వెలువడిన 'లైఫ్ అండ్ డెత్' అను ఆటలో ఆడువాడే శస్త్రవైద్యుడు. అతని తప్పువలన రోగి మరణించినచో అతనిని మరల వైద్య విద్యాలయపు తరగతికి పంపుదురు.

ఆట ఆడు విధము

ఇట్టి ఆటలలో తెరపై రోగి కనబడును. నాడి, శ్వాస, రక్తపుపోటు అంకెలలో కనబడుచుండును. ప్రక్కన గడియారము నడచుచుండును. రోగిని ప్రశ్నింపవచ్చును, పరీక్షింపవచ్చును, మందు ఈయవచ్చును, పెద్ద ఆసుపత్రికి పంపవచ్చును. కాని ప్రతి పనికిని కొంత కాలము పట్టును. ఇంతలో మరి యిద్దరు రోగులు వత్తురు. ఎవరిని ముందు చూడవలెను? బిగ్గరగా అరచువానినా, మాటలేక పడియున్నవానినా? ఆడువాడు నిర్ణయించిన మరుక్షణమే ఫలితము కనబడును. తప్పు చేసినచో రోగి స్థితి దిగజారును. కాని నిజముగా ఎవ్వరికిని హాని జరుగదు. ఆ తప్పుమాత్రము మనస్సున నాటుకొని యుండును. ఆటకు గల గుణము ఇదియే.

సామాన్యుల కొరకును ఇట్టిది కలదు. బ్రిటనులో గుండె పునరుజ్జీవన విద్యను ప్రచారము చేయు మండలి 2013లో 'లైఫ్ సేవర్' అను ఆటను వెలువరించెను. అది చలనచిత్రమువలె సాగును. కండ్లయెదుట నొకరు కూలుదురు; తరువాత నేమి చేయవలెనో చూచువారే ఎంచుకొనవలెను. రొమ్ము నదుము వేగమును సైతము చేతితో చూపవలెను.

వైద్యులకును పాఠము

అనుభవజ్ఞులైన వైద్యులకు సైతము ఆట పనికివచ్చునా? అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున డాక్టరు దీపికా మోహన్, ఆమె సహచరులు ఈ విషయమును పరీక్షించిరి. చిన్న ఆసుపత్రికి వచ్చిన క్షతగాత్రులలో ఎవరిని పెద్ద ఆసుపత్రికి పంపవలెనో నియమములు కలవు. వైద్యులు వానిని ఎరుగుదురు. అయినను తుపాకి గుండు వంటి స్పష్టమైన గాయమును వెంటనే గుర్తింతురుగాని, జారిపడిన వృద్ధుని లోపలి దెబ్బలను తేలికగా ఎంచుట కలదు. ఈ లోపమును సరిదిద్దుటకై 'నైట్ షిఫ్ట్' అను ఆటను రూపొందించిరి. చిన్న ఊరి ఆసుపత్రిలో పనికి చేరిన యువవైద్యుని కథ అది.

368 మంది వైద్యులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుచే ఆట ఆడించిరి. రెండవ జట్టునకు వాడుకలోనున్న పాఠములనే ఇచ్చిరి. పిదప కల్పిత రోగులతో పరీక్షించిరి. పాఠములు చదివిన జట్టు, పంపవలసిన రోగులలో నూటికి సుమారు 64 మందిని పంపక నిలిపివేయగా, ఆట ఆడిన జట్టు సుమారు 53 మందిని నిలిపివేసెను. 2017లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. 53 స్వల్పము కాదు; పరీక్షయు నిజమైన రోగులతో జరిగినది కాదు. అయినను విన్న నియమముకంటె అనుభవించిన కథ గట్టిగా నిలుచునని దీనివలన తెలియుచున్నది.

కంప్యూటరు లేకున్నను

ఈ పద్ధతిని గ్రామమున చీటీలతో నడుపవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారినిగాని, ఆరోగ్య కార్యకర్తనుగాని పిలిచి, ఒక్కొక్క చీటీపై ఒక్కొక్క ఆపదను వ్రాయించుడు. గడియారము ముందుంచి, ఒక నిమిషములో సమాధానము చెప్పుమనుడు.

మొదటి చీటీ: చెట్టుపైనుండి పడినవాడు మాటలాడుచున్నాడు, రక్తము లేదు, దాహమనుచున్నాడు. పలువురు అతనిని లేపి కూర్చుండబెట్టి నీళ్లు త్రాగింతురు. అది తప్పు. వెన్నెముక విరిగియుండవచ్చును, కడుపులో రక్తస్రావము ఉండవచ్చును. కదల్పక పరుండనిచ్చి 108కి ఫోను చేయవలెను.

రెండవ చీటీ: పాము కరచినది. గట్టిగా కట్టు బిగించుట, గాటుపెట్టుట, నోటితో పీల్చుట కూడదు. ధైర్యము చెప్పి, కరచిన అవయవము కదలకుండ నుంచి, విరుగుడు మందుండు ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను.

మూడవ చీటీ: పెద్దమనిషి కూలినాడు, పిలిచిన పలుకడు, శ్వాస సరిగా లేదు. 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతునకు అదుముచు, సహాయము వచ్చువరకు మానరాదు.

నాలుగవ చీటీ: రహదారిపై గాయపడినవాడు. కేసులో ఇరుకుకొందుమను భయముతో జనులు దూరముగా నిలుచుదురు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, సద్భావముతో సహాయము చేసినవారికి రక్షణ కల్పించుచున్నది. తన పేరు చెప్పుమని వారిని నిర్బంధింపరాదు. ఈ మాట గ్రామసభలో చదివి వినిపింపవలెను.

ఆటకు గల హద్దు

మీట నొక్కినంతనే తెరపైనున్న రోగి లేచును. నిజమైన రొమ్ము నదుముటకు బలమును, ఓపికయు కావలెను. కనుక ఆట పిదప బొమ్మపై చేతి అభ్యాసము తప్పక జరుగవలెను. ఆట ఆడినవాడు వైద్యుడు కాడు, మందులీయ పూనుకొనరాదు. గుర్తించుట, పిలుచుట, హాని చేయక కాపాడుట, ఇంతవరకే అతని పని.

2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను సాగుచున్నది. అయినను బండి వచ్చులోపలి నిమిషములు గ్రామస్థుల చేతిలోనివే. ఏటికి రెండుమార్లు పంచాయతీ కార్యాలయమున ఒక పూట ఈ చీటీల ఆట ఆడించిన, కావలసినది కొన్ని కాగితములును ఒక గడియారమును మాత్రమే. సభ్యులు తామే ముందు కూర్చుండి ఆడినచో గ్రామము వెంట వచ్చును.