పాతవిమానముల విన్యాసములు: అపోహలు – వాస్తవములు

ఓరుగల్లు నుండి హైదరాబాదునకు పోవు దారిలోని రఘునాథపల్లి వంటి ఊళ్లలో అమెరికాలోని డల్లాసు అను పేరు నేడు జనగామ పేరంత పరిచితమైనది గనుక, 2022 నవంబరు 12న ఆ నగరమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానములు రెండు ప్రదర్శన నడుమ ఢీకొని ఆరుగురు వైమానికులు మరణించిన దృశ్యము ఇచ్చటి సెల్‌ఫోనులకును చేరకపోలేదు. దానిని చూచినవారు సాధారణముగ చెప్పు తీర్పు ఒక్కటే: “ఎనభై ఏండ్ల డొక్కువాయె, కూలక ఏమైతయి?”

ఈ తీర్పు సహజమే గాని సత్యము కాదు. నాలుగు ఇంజనుల బి-17 బాంబరును పి-63 యుద్ధవిమానము ఢీకొనుటకు మూలకారణముగా అమెరికా రవాణా భద్రతా మండలి 2024లో పేర్కొన్నది యంత్రలోపమును గాని, లోహపు వార్ధక్యమును గాని కాదు. విమానముల నడుమ ఎడము ఉండునట్లు ముందుగానే ఏర్పాటు చేసికొనకపోవుటను. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఢీకొని డెబ్బదిమంది మృతికి హేతువులైనవియు, 2019లో బెంగళూరు యలహంకలో సాధనవేళ ఒరసికొని వాయుసేన సూర్యకిరణ్ బృందపు పైలటునొకనిని బలిగొన్నవియు వాడుకలోనున్న జెట్‌లే గాని వస్తుప్రదర్శనశాలల సొత్తు కావు. ఐనను వయస్సునకు ప్రభావమే లేదనరాదు. పి-63లో ఇంజను పైలటు వీపు వెనుకనుండును. బయటపడుటకు మోటారుకారు తలుపువంటి తలుపే శరణ్యము, ఆసనముతోకూడ మనిషిని పైకి చిమ్ము సాధనము లేదు. అనగా ప్రాచీనత ప్రమాదమును పిలువకున్నను, సంభవించిన ప్రమాదమునుండి తప్పించుకొను త్రోవలను మాత్రము మూసివేయును.

ఇంతకంటె బలమైన అపోహ మఱొకటి కలదు: ఆకాశము నిర్మలముగానున్నపుడు, పైలటు అనుభవజ్ఞుడైనపుడు, ఎదుటి విమానము కనబడకుండునా అని. కనబడకుండును, అందులోను తప్పక తగులబోవు విమానమే అన్నిటికంటె కష్టముగ కనబడును. రెండు విమానములు మార్గమును వేగమును మార్చక ఒకే బిందువునకు చేరవచ్చుచున్నచో, ఒకదాని అద్దములో రెండవది ఇటునటు జరుగక, అంటించిన చుక్కవలె ఒకేచోట నిలిచియుండును. మన కన్ను కదలికను పట్టుటలో నేర్పరి. నిశ్చలమైన చుక్కను ఉపేక్షించును. దూరము సగమైనప్పుడెల్ల ఆ చుక్క పరిమాణము రెట్టింపగును గనుక, పెరుగుదల దాదాపు యావత్తును కడపటి క్షణములలోనే ముగియును. రైలు పట్టాల మీద సూటిగా ఎదురువచ్చు బండి చాలసేపు కదలనట్లే తోచి, ఉన్నట్టుండి మీదికి ఉరికినట్లగుట స్టేషనున్న ఊరివారెరుగనిది కాదు. దీనికితోడు విమానము ఒరిగి మలుపు తిరుగునపుడు దాని ముక్కును, రెక్కయు, కిటికీ చట్రమును చూపునకు అడ్డుపడును; డల్లాసులో పైలటుల దృష్టికి ఇట్టి మరుగులు ఏర్పడినవని ఆ మండలియే తేల్చినది.

క్రిందనుండి రేడియోలో నడిపించు నిర్దేశకుడు ఉండగా భయమేల అందురు. ఆనాడును ఉండెను. మూడు యుద్ధవిమానముల జట్టును అయిదు బాంబరుల ముందుగా దాటి, ప్రేక్షకులకు 500 అడుగుల దూరమునగల గీతకు రమ్మనెను. బాంబరులకు 1,000 అడుగుల గీత నియతమైనది. ఎవ్వరు ఏ ఎత్తున ఉండవలెనన్నది మాత్రము ఉదయపు సమావేశమునను చెప్పలేదు, గాలిలోను చెప్పలేదు. నా మతమున, నేలమీద బల్లచుట్టు కూర్చుండి ఎత్తులు పంచుకొనని ప్రదర్శనమును ఆకాశమున ఎంతటి గంభీరకంఠమును రక్షింపజాలదు.

ఇక టిక్కెట్టు కొని లోపల కూర్చున్నవారికే ముప్పు, బయట డాబాపైనుండి ఉచితముగ చూచువారికి లేదని మనవారి లెక్క. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళ సాగర్‌పవన్ బృందపు కిరణ్ విమానము కూలి ఇద్దరు పైలటులు మరణించినది క్షేత్రములో కాదు, న్యూ బోయిన్‌పల్లి ఇండ్ల నడుమ. 2015లో ఇంగ్లండులోని షోరెహామ్‌లో పాత హంటర్ జెట్ పడి ప్రాణములు గోల్పోయిన పదునొకండుగురును కంచె బయట రోడ్డుమీదివారే. కంచెలోపల ప్రేక్షకునికి దూరపు గీతయైన గలదు. బయటివానికి అదియు లేదు. నిజాముకాలపు మామునూరు విమానక్షేత్రము మరల తెఱవబడి, ఎన్నడైన అచ్చట విన్యాసములు జరిగినచో, చుట్టుపట్ల డాబాలెక్కువారిని గూర్చియు అధికారులు ఆలోచింపవలసియుండును.

పైనుండి వచ్చునదే ఆపద యనుటయు పూర్తిగ నిజము కాదు. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరమున వాయుసేన ప్రదర్శన చూడవచ్చి అయిదుగురు మరణించిరి. ఏ విమానమును కూలలేదు, లక్షలాది జనము నడుమ ఎండకును దాహమునకును తాళలేకపోయిరి.