గార్డనరు చిత్రశాల: శూన్యస్థానములు

స్థాపకుల యాజ్ఞచేఁ బ్రాచీనసంగ్రహము మార్పఁగూడనిది. నేఁటి కళకు నచ్చటఁ జోటు గల్పింపవలయును. ఈ రెండును బరస్పరవిరుద్ధములుగాఁ దోఁచును. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని బాస్టను నగరమందలి యిసబెల్లా స్ట్యూవర్టు గార్డనరు చిత్రశాల యీ విరోధమును బరిహరించుకొన్న తీరు విచారింపఁదగినది.

ఇసబెల్లా 1840లో న్యూయార్కున జన్మించి, 1860లో బాస్టను ధనికకుటుంబమువాఁడగు జాన్ గార్డనరును వివాహమాడెను. వారి యేకపుత్రుఁడు రెండేండ్లు నిండకమునుపే 1865లో మృతినొందెను. 1891లో తండ్రి గతింపఁగా సంక్రమించిన ధనముతో నామె చిత్తరువులను విరివిగాఁ గొనఁజొచ్చెను. 1892లోఁ బారిసునందలి యొక వేలములో వెర్మేరుని ‘సంగీతగోష్ఠి’యు, 1896లో టిషియనుని ‘యూరోపా’యు నామె వశమయ్యెను. 1898లో భర్త మరణించిన పిదప, వెనీసునగరపు మేడల పోలికగా, నడుమఁ బూఁదోఁటయు దానిపై గాజుకప్పును గల నాలుగంతస్తుల భవనమును గట్టించి, 1903లోఁ బ్రజలకుఁ దెఱపించి, తాను పైయంతస్తున నివసించెను. ఏ పటము ఏ గోడకు, ఏ కుర్చీ యే పటము క్రింద, ఏ పాత్ర యే బల్లపై నుండవలయునో యన్నియు నామెయే నిర్ణయించెను. టిషియనుని పటము క్రింద గోడకుఁ దన పట్టువస్త్రములలోని యొక తునుకనే తగిలించెను. అట్టి యమరికయుఁ జిత్రరచనవంటి కృతియే యని యామె తలంపు గాఁబోలు.

1924లో నామె గతించెను. ఆమె మరణశాసనము కఠినమైనది. వస్తువుల యమరిక మార్పరాదు. తనవి గాని కళాఖండములను సంగ్రహములోఁ జేర్పరాదు. ఈ నియమము దప్పినచో సర్వస్వమును హార్వర్డు విశ్వవిద్యాలయమునకుఁ జెంది విక్రయింపఁబడవలయును. సూత్రపాఠమున నక్షరమైనను గదలింపరాదనుట వంటిది యిది. ఇట్టి కట్టడి సంగ్రహమును రక్షించును. ఏమఱియున్నచో దానిని సమాధిగా మార్చుటయుఁ గలదు.

1990 మార్చి 18వ తేదిని, అర్ధరాత్రము దాఁటిన పిదప, పోలీసువేషమున నిరువురు దొంగలు లోనికి వచ్చి, కావలివాండ్రను బంధించి, 81 నిమిషములలోఁ బదుమూఁడు వస్తువులను గొనిపోయిరి. వెర్మేరుని సంగీతగోష్ఠియు, రెంబ్రాంటు రచించిన యేకైక సముద్రచిత్రమును, మానే, దెగా మున్నగువారి కృతులును, చీనాదేశపుఁ బ్రాచీనకంచుపాత్రయు వానిలోనివి. రెంబ్రాంటు పటములను జట్రములనుండి కోసి తీసిరి. ఇంతవఱకు నొక్కటియుఁ దిరిగి దొరకలేదు.

ఆ తావులలో వేఱు పటముల నుంచుటకు శాసన మొప్పదు. కావున వట్టిచట్రములే గోడలపై నున్నవి. తాళపత్రప్రతిలో గ్రంథపాతము గన్పట్టినచోట నుత్తముఁడగు పరిష్కర్త చుక్కలు పెట్టి విడుచునేగాని స్వకపోలకల్పితముతోఁ బూరింపఁడు. పూరించినవారును మనలో లేకపోలేదు. తత్కృతములగు చిక్కులను బండితు లెఱుఁగుదురు.

ఈ శూన్యస్థానములనుండియే యొక నూతనకృతి పుట్టినది. ఫ్రెంచి కళాకారిణి సోఫీ కాల్ 1991లో వాని యెదుట నిలిచి, చిత్రశాలాధికారులను, కావలివాండ్రను, దక్కిన యుద్యోగులను బోయిన పటములఁ గూర్చి తమకుఁ జ్ఞప్తియున్నది చెప్పుఁడని యడిగి, వారి మాటలను ఛాయాచిత్రములతోఁ గూర్చెను. వైయాకరణమతమున లోపమనఁగా నభావము గాదు, కనఁబడకుండుటయే. ‘అగ్నిచిత్’ అను శబ్దమున క్విప్ప్రత్యయము సర్వము లోపించినను దానిచేఁ గలిగిన తకారము నిలిచియే యున్నది. పోయిన పటములును జూపఱుల స్మృతియందట్లే తమ కార్యమును నడపుచున్నవి. ఆమె 2012లో మరల వచ్చి, యీ మాఱు దొంగతనపు మాట యెత్తకయే, వట్టిచట్రముల యెదుట నిలిచినవారిని మీ కేమి కనఁబడుచున్నదని ప్రశ్నించెను.

1992 మొదలు ఈ సంస్థ కళాకారులను బిలిచి తనయొద్ద నివసింపఁజేసి, సంగ్రహమును బరిశీలించుట కవకాశ మొసఁగుచున్నది. వారి కృతులకుఁ బ్రత్యేకప్రదర్శనమందిరము గలదు. అవి మూలసంగ్రహములోఁ జేరవు. సూత్రము సూత్రముగనే యుండఁగా వార్తికము ప్రక్కన వెలయుట యిట్టిదే.

2012లో రెంజో పియానో యను నిటలీదేశపు వాస్తుశిల్పి రచించిన క్రొత్తభవనము, గాజునడవచే మూలభవనముతోఁ గూర్పఁబడి, తెఱవఁబడెను. సంగీతసభలును నూతనప్రదర్శనములును నిపుడందే జరుగును. ఇచ్చట నొక యాక్షేపమునకుఁ దావు గలదు. దీనికై యిసబెల్లా కట్టించిన బండ్లశాలను బడఁగొట్టవలసివచ్చెను. 2009లో మసాచుసెట్సు రాష్ట్రపు సర్వోన్నతన్యాయస్థాన మందుల కనుమతించెను. మందిరములలోని యమరిక చెడలేదు గావున శాసనోద్దేశము నిలిచినదని యొక వాదము. బండ్లశాలయు నామె కట్టించినదే కదా, యుద్దేశమును నిర్ణయించుటకు మన మెవరమని రెండవ వాదము. మొదటిదే బలవత్తరమనవచ్చును, రెండవదియుఁ ద్రోసిపుచ్చఁదగినది గాదు.

గాజునడవ దాఁటి, పాతభవనపు మెట్లెక్కి, డచ్చిమందిరముఁ జొచ్చినచోఁ గిటికీయొద్ద నొక చిన్నబల్ల యున్నది. దానిపై వెర్మేరుపటపు వట్టిచట్రమును, దాని యెదుట నొక కుర్చీయు నున్నవి.