‘చెత్త గేమ్’ అంటే ఉద్యోగం రాదు

“మీకు నచ్చని గేమ్ ఒకటి చెప్పండి.” బీటెక్ అయ్యాక ఓ స్టూడియోలో గేమ్ టెస్టర్ పోస్టుకి వెళ్తే నన్నడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఇంతేనా అనుకుని ‘రోగ్ వారియర్’ పేరు చెప్పాను. “చెత్త గేమ్ సార్, గ్రాఫిక్స్ కూడా బాగోవు” అన్నాను. “ఇంకా?” అన్నారాయన. ఇంకా చెప్పడానికి నా దగ్గరేం లేదు. కాసేపటికే బయటికొచ్చేశా.

ఇంటికొచ్చి పాత డిస్క్ వెతికి మళ్లీ ఆడాను, ఈసారి పక్కన నోట్‌బుక్ పెట్టుకుని.

2009 డిసెంబరులో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360, పీసీలకు వచ్చిన షూటర్ ఇది. కథ జరిగేది 1986లో. అమెరికా నేవీ సీల్ రిచర్డ్ మార్సింకోగా మీరు ఉత్తర కొరియాలోకి చొరబడాలి, అక్కణ్నుంచి సోవియట్ యూనియన్‌కి వెళ్లాలి. మార్సింకో నిజంగా ఉన్న మనిషే. ఆయనకి గొంతిచ్చింది హాలీవుడ్ నటుడు మికీ రూర్క్. (తిట్లు బోలెడు. ఇంట్లో స్పీకర్ పెట్టి ఆడకండి.) వింటే అదిరిపోయింది కదా?

ఆడితే మాత్రం నీరసం వస్తుంది. స్టెల్త్ గేమ్‌కి ప్రాణం ‘దొరికిపోతానేమో’ అన్న భయం. ఇక్కడ శత్రువు దగ్గరికెళ్లి ఒక్క బటన్ నొక్కితే చాలు, పని అయిపోతుంది. ఎదురుగా పరుగెత్తుకెళ్లినా చాలాసార్లు అదే ఫలితం. మరి నక్కి నక్కి వెళ్లడం దేనికి? నా నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు రాసుకున్న లైను: ‘పక్కవాడు పడిపోయాడు, వీడు పట్టించుకోలేదు.’

అంతకు పదకొండేళ్ల ముందే, 1998లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’లో గార్డు మంచులో మీ అడుగుజాడలు చూసి వెతుక్కుంటూ వస్తాడు. గోడ మీద తడితే అటు చూస్తాడు. పహారా, అనుమానం, వెతుకులాట, అలర్ట్... గార్డు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతుంటాడు. ఫైనైట్ స్టేట్ మెషీన్ అని ఆటోమాటా సబ్జెక్టులో బట్టీ పట్టి పరీక్ష రాసి వదిలేశాం చూడండి, అదే ఇది!

అలాగని “డెవలపర్లకి పని రాదు” అని ఇంటర్వ్యూలో అనేయకండి. 2006లో ప్రకటించినప్పుడు ఈ గేమ్ జాంబీ స్టూడియోస్ చేతిలో ఉంది. నలుగురు కలిసి ఆడే కోఆప్ ఉంటుందన్నారు. తర్వాత పబ్లిషర్ బెథెస్డా దాన్ని బ్రిటన్‌లోని రెబెలియన్‌కి అప్పగించింది. చివరికి చేతికొచ్చిన దాంట్లో కోఆప్ లేదు. కథ రెండు మూడు గంటల్లో అయిపోతుంది, ధర మాత్రం పూర్తి గేమ్‌దే. అదే రెబెలియన్ అంతకుముందు 2005లో ‘స్నైపర్ ఎలీట్’ చేసింది, 2012లో దాని ‘వీ2’ కూడా చేసింది. స్టెల్త్ తెలియనివాళ్లేం కాదు. మధ్యలో చేతులు మారిన ప్రాజెక్టు ఎలా ఉంటుందో మీరు ఏ ఐటీ కంపెనీలో చేరినా చూస్తారు లెండి.

టెస్టర్ పోస్టుకైనా, ప్రోగ్రామర్ పోస్టుకైనా వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. యూనిటీలోనో గోడోలోనో ఒక గది, ఒక గార్డు, నడుమెత్తు గోడ ఒకటి పెట్టండి. గార్డు చూపు ఎంత దూరం, ఎంత కోణం అన్నది ఇంటర్‌లో చేసిన డాట్ ప్రొడక్ట్‌తో తేలిపోతుంది. మధ్యలో ఏదైనా అడ్డుందా అన్నది రేకాస్ట్ చెబుతుంది. వీడియో తీసి కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకు రెజ్యూమేలో ఇవ్వండి.

గోడ అవతల మీరు నిటారుగా నిలబడ్డా గార్డు చూడట్లేదా? రే పాదాల దగ్గర్నుంచి వదులుతున్నారేమో చూడండి, కళ్ల ఎత్తు నుంచి వదలాలి. నాకైతే ఆ ఒక్క లైనుకే రెండు రాత్రులు పట్టింది.