నోటి దుర్వాసన: అపోహలు, వాస్తవాలు, నివారణ

విజయవాడ, ఏలూరు నగరాల నడుమ జాతీయ రహదారిపై గల హనుమాన్ జంక్షన్ వద్ద నూజివీడు, గుడివాడ మార్గాలు కలుస్తాయి. రేయింబవళ్లు వాహనాలు సాగే ఇటువంటి కూడళ్లలో డ్రైవర్లకు, దుకాణదారులకు వేళకు భోజనం, తగినంత నీరు, నిద్ర లభించడం కష్టం. ఇటువంటి వారిని సులభంగా బాధించే సమస్య నోటి దుర్వాసన. నలుగురిలో చెప్పుకోలేక చాలామంది ఏళ్ల తరబడి లోలోన కుమిలిపోతుంటారు. కారణం తెలిస్తే నివారణ కష్టం కాదు.

కారణాలు

నోటి దుర్వాసనను వైద్య పరిభాషలో హాలిటోసిస్ అంటారు. పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి దీని మూలం నోటిలోనే ఉంటుంది. నాలుక వెనుక భాగంలోను, పళ్ల సందులలోను చేరిన ఆహారపు అణువులను ప్రాణవాయువు అవసరం లేని సూక్ష్మజీవులు కుళ్లింపజేస్తాయి. అప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ వంటి గంధక వాయువులే దుర్వాసనకు కారణం. లాలాజలం నోటిని నిరంతరం కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది తగ్గుతుంది గనుకనే ఉదయం లేవగానే ఎవరి నోరైనా వాసన వేస్తుంది. ఉపవాసం, ఎండ తీవ్రత, నీరు తాగకపోవడం, కొన్ని మందుల వాడకం కూడా నోటిని ఎండబెడతాయి.

చిగుళ్ల వ్యాధి, పుచ్చిన పళ్లు, శుభ్రపరచని కట్టుడు పళ్లు, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా అలవాట్లు ఇతర ప్రధాన కారణాలు. వెల్లుల్లి వాసన మాత్రం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా వెలువడుతుంది. అందువల్ల ఆవకాయ అన్నం తిన్న వెంటనే పళ్లు తోముకున్నా ఆ వాసన పూర్తిగా పోదు. కొన్ని గంటలలో దానంతటదే తగ్గుతుంది.

టాన్సిల్స్, సైనస్ వ్యాధుల వల్ల కూడా దుర్వాసన రావచ్చు. మధుమేహ రోగి శ్వాసలో పండిన పండు వంటి వాసన, దానితోపాటు వాంతులు, ఆయాసం కనిపిస్తే అది ప్రాణాపాయ సూచన. తక్షణం ఆసుపత్రికి తరలించాలి. మూత్రపిండాలు, కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు కూడా శ్వాస వాసన మారుతుంది.

లేని వాసనపై భయం

దుర్వాసన లేకపోయినా ఉన్నదని గట్టిగా నమ్మి బాధపడేవారు కొందరున్నారు. ఎదుటివారు ముక్కు తుడుచుకున్నా, ముఖం తిప్పుకున్నా అది తమ వల్లనేనని భావిస్తారు. పదేపదే పళ్లు తోముకుంటారు. శుభకార్యాలకు, ఉద్యోగానికి వెళ్లడం మానుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన 11వ వ్యాధుల వర్గీకరణలో దీనిని ఆల్ఫాక్టరీ రిఫరెన్స్ డిజార్డర్ అనే ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. దీనికి చికిత్స ఉంది. కుటుంబ సభ్యులు పరిహసించక, కసురుకోక మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. టెలీ మానస్ సహాయ కేంద్రాన్ని 14416 నంబరులో సంప్రదించవచ్చు.

తెలుసుకోవడం ఎలా?

అరచేతిలోకి ఊది వాసన చూడడం నమ్మదగిన పరీక్ష కాదు. మన వాసనకు మన ముక్కు అలవాటుపడి ఉంటుంది. ఇంట్లో నమ్మకమైన వ్యక్తిని అడగడం, దంత వైద్యునిచే పరీక్ష చేయించుకోవడం ఉత్తమం.

పాటించవలసిన జాగ్రత్తలు

* ఉదయం, రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలపాటు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకోవాలి. గట్టిగా రుద్దితే పళ్లు అరుగుతాయి.
* వేపపుల్లను చీల్చి నాలుక గీసుకునే పాత అలవాటులో మేలు ఉన్నది. నాలుక బద్దతో వెనుక భాగం వరకు మృదువుగా శుభ్రపరచాలి.
* పళ్ల సందులను దారంతో శుభ్రం చేసుకోవాలి. కట్టుడు పళ్లను రాత్రివేళ తీసి కడగాలి.
* తరచుగా నీరు తాగాలి. ప్రయాణాలలో నీటి సీసా వెంట ఉంచుకోవాలి.
* పొగాకు మానాలి. సహాయానికి ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.
* యాలకులు, సోంపు, మౌత్‌వాష్ వాసనను కొద్దిసేపు కప్పిపుచ్చుతాయేగాని కారణాన్ని తొలగించవు. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాన్ని వైద్యుని సలహా లేకుండా ఎక్కువకాలం వాడితే పళ్లపై మరకలు ఏర్పడతాయి.

ఈ జాగ్రత్తలు పాటించినా రెండు వారాలలో గుణం కనిపించకున్నా, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా దంత వైద్యుని సంప్రదించాలి. పళ్లు శుభ్రం చేయిస్తే వదులవుతాయన్నది అపోహ మాత్రమే. గార తొలగించకపోతేనే చిగుళ్లు దెబ్బతిని పళ్లు కదులుతాయి. ఈ ప్రాంతవాసులకు విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి, గన్నవరం సమీపంలోని చిన అవుటపల్లిలో దంత వైద్య కళాశాల ఉన్నాయి. బిడియం వీడి వైద్యుని కలవడమే ఈ సమస్యకు తొలి చికిత్స.